షెడ్డులో కార్పెట్, దాని మీద జంఖానా

ఈ ఎండాకాలం మా కారు షెడ్డుకు కార్పెట్ వేయించాం. ఈ మాట చెప్పగానే మా నిజామాబాద్‌లో ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న, "కారుకు కార్పెట్ ఏందమ్మా?" అని. వినడానికి వింతే. హాల్లో పరుచుకునే వస్తువు తీసుకుపోయి టైర్ల కింద వేయడమేంటి అనిపిస్తుంది. కానీ మన ఇళ్ళల్లో షెడ్డు కారు ఒక్కదానిదేనా చెప్పండి? మామిడికాయ ముక్కలు కొట్టేది అక్కడే. బియ్యం చెరిగేది అక్కడే. పిల్లల సైకిళ్ళు, చెప్పుల స్టాండు, ఇన్వర్టర్ బ్యాటరీ, బతుకమ్మ పేర్చే చోటు, వచ్చినవాళ్ళకు చాయ్ ఇచ్చే చోటు అన్నీ అదే. మా ఇంట్లో దానికి ఇంకో ప్రత్యేకత ఉంది. పొద్దున ఆరున్నర నుంచి పదకొండు దాకా, మళ్ళీ సాయంత్రం నాలుగు నుంచి దీపాల వేళ దాకా మా అత్తమ్మ కుర్చీ అక్కడే ఉంటుంది. వీధిలో ఎవరు పోయారు, ఎవరు వచ్చారు, కూరగాయల బండి ఏ ఇంటి ముందు ఎంతసేపు ఆగింది, అన్నీ ఆ కుర్చీకి తెలుసు.

కార్పెట్ వేయించింది కూడా ఆమె కోసమే. అత్తమ్మకు డెబ్బై ఆరేళ్ళు. రెండు మోకాళ్ళూ అరిగాయి. మా షెడ్డులో నున్నటి టైల్స్. పోయిన వానాకాలం కారు తడి టైర్లతో లోపలికి వచ్చింది, ఆ నీటి మీద ఆమె కాలు జారింది. చెయ్యి ఆనించుకుంది కాబట్టి మణికట్టు బెణకడంతో పోయింది. "ఈ వయసులో తుంటి ఎముక విరిగితే మళ్ళీ లేచి నడవడం కష్టం" అని డాక్టర్ గారు చెప్పిన దగ్గర్నుంచి నాకు ఆ టైల్స్ చూస్తేనే భయం. మా ఆడబిడ్డ టెక్సాస్‌లో ఉంటుంది. వాళ్ళింట్లో వ్రతం పెట్టుకుంటే వచ్చినవాళ్ళు హాల్లో పట్టరట. కార్లు బయట పెట్టి గ్యారేజీలోనే భోజనాలు వడ్డిస్తారట. అందుకని అక్కడ కొంతమంది గ్యారేజీకి కార్పెట్ వేస్తారట. "అమ్మకు జారకుండా ఉంటది వదినా, షెడ్డుకు వేయించండి" అన్నది ఆమె. మా ఆయన వెంటనే ఒప్పుకున్నారు. వేయించడం ఒక్క రోజు పని కదా, ఒప్పుకోవడం సులువే. చూసుకోవడం ఎవరి పని అన్నది అప్పుడు ఎవరూ అడగలేదు.

మీలో ఎవరైనా ఇలాంటి ఆలోచనలో ఉంటే పనికొస్తుందని, ముందు వేయించే సంగతులు చెప్తాను.

కార్పెట్ కంటే ముందు చూసుకోవలసింది నేల చెమ్మ. కింది నుంచి తేమ ఊరే నేల మీద కార్పెట్ అతికిస్తే అది అడుగున ముక్కిపోతుంది. పైకి ఏమీ కనబడదు, వాసన మాత్రం వస్తుంది. దీనికి ఒక తేలిక పరీక్ష ఉంది. మూర వెడల్పు, మూర పొడవున్న పల్చటి ప్లాస్టిక్ కవరును నేల మీద పరిచి, నాలుగు అంచులూ గాలి పోకుండా టేపుతో అతికించాలి. ఒక రోజంతా అలాగే వదిలి మర్నాడు తీసి చూడాలి. కవరు లోపలి వైపు నీటి బొట్లు పట్టినా, కింద నేల రంగు మారినా ఇంకా ఆగాలి. కొత్తగా పోసిన సిమెంటు నేల అయితే నెల రోజులు దాటినా ఈ పరీక్ష చేయకుండా వేయించకండి. మేము రెండు చోట్ల చేశాం. గోడ పక్కన కొంచెం చెమ్మ కనబడింది. బయట కుళాయి గొట్టం కారుతోందని అప్పుడే తెలిసింది. అది బాగు చేయించి, వారం ఆరనిచ్చాక వేయించాం.

రెండోది, రకం. హాల్లో వేసే మెత్తటి కుచ్చుల కార్పెట్ షెడ్డుకు పనికిరాదు. మట్టి లోపలికి దిగితే మళ్ళీ రాదు. పైగా ముసలివాళ్ళ కాలివేళ్ళు కుచ్చులో తట్టుకుంటాయి. మేము వేసింది పొట్టిగా, గరుకుగా, గీతలు గీతలుగా ఉండే రకం. బూడిద రంగు. పాలీప్రొపిలీన్ అంటారు. పేరు చూసి బెదరకండి, మన వంటింట్లో ఉండే ప్లాస్టిక్ డబ్బాలు చాలావరకు ఆ పదార్థంతో చేసినవే. ఇది గుర్తుంటే దాని స్వభావం సగం తెలిసినట్టే. నీళ్ళు పీల్చుకోదు, కాబట్టి త్వరగా ఆరుతుంది. కానీ నూనెను వదలదు. పులుసు పోసిన డబ్బా ఎంత తోమినా జిడ్డుగా ఉంటుంది కదా, అలాగే. నిప్పు తగిలితే కరిగిపోతుంది. అగరుబత్తి నుసి రాలినా, దోమల చుట్ట కిందపడినా నల్లటి చుక్క మిగులుతుంది. అందుకని గుమ్మం దగ్గర అగరుబత్తి గుచ్చే అలవాటు మార్చుకున్నాను. దీపావళికి దీపాలు గేటు బయట మెట్ల మీదే. టపాకాయల సంచి షెడ్డులో పెట్టేది లేదని పిల్లలకు ఇప్పటినుంచే చెప్పి ఉంచాను.

అతికించిన తర్వాత ఒక రోజంతా దాని మీద ఎవరినీ నడవనీయలేదు. కారును మూడు రోజులు వీధిలోనే పెట్టించాను. జిగురు గట్టిపడక ముందే బరువు పడితే కార్పెట్ ముడతలు పడుతుంది. ఆ వాసన కూడా తక్కువేం కాదు. అత్తమ్మ కుర్చీని వెనక వరండాలో వేశాం. ఆ మూడు రోజులూ ఆమె మొహం చూడాలి! వీధి కనబడని చోట ఆమెకు ప్రాణం నిలవదు.

ఇక రోజువారీ పని. అన్నిటికంటే ముఖ్యం అంచులు. జారకుండా ఉండాలని వేసిన కార్పెట్టే అంచు లేస్తే తట్టుకుని పడేలా చేస్తుంది. అదీ ప్రమాదమే, తట్టుకుంటే ముందుకు పడతారు. గడప దగ్గర, గేటు దగ్గర అల్యూమినియం పట్టీ కొట్టించాను. మిగిలిన అంచుల మీద వారానికోసారి చేత్తో తడిమి చూస్తాను. ఎక్కడైనా లేస్తే అదే రోజు జిగురు పెట్టి, పైన ఇటుకలు పెడతాను. మా దగ్గర ఎండలు 45 డిగ్రీలు దాటుతాయి. ఆ వేడికి జిగురు మెత్తబడుతుంది, కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో ఇంకొంచెం ఎక్కువగా చూసుకోవాలి.

కారు నడిపేవాళ్ళకు రెండు మాటలు. ఆగి ఉన్న కారులో కూర్చుని స్టీరింగ్ తిప్పకూడదు. టైరు కార్పెట్‌ను మెలితిప్పి జిగురు ఊడదీస్తుంది. రోడ్డు మీంచి వచ్చిన వేడి టైర్లు ఒకే చోట నిలబడితే రబ్బరులోని నూనెలు దిగి గోధుమరంగు మచ్చలు పడతాయి. అవి పోవు. అందుకని టైర్లు నిలిచే చోట రెండు పాత ప్లైవుడ్ పలకలు వేశాం. అవి కారు వైపే, అత్తమ్మ నడిచే వైపు రాకుండా గీత గీసి పెట్టాం. బ్యాటరీ కింద ఒక ప్లాస్టిక్ ట్రే పెట్టాను. దాంట్లో ఉండేది యాసిడ్, చుక్క కారినా కార్పెట్ మాట అటుంచి, ఒట్టి కాళ్ళతో నడిచేవాళ్ళ సంగతి ఏంటి?

ఊడ్చే విషయంలో నాకు కొత్త అలవాటు నేర్పింది ఈ కార్పెట్. పొద్దున లేచి వాకిలి ఊడ్చి, సాన్పి చల్లి, ముగ్గు వేసి, అదే ఊపులో షెడ్డులో రెండు బకెట్ల నీళ్ళు కొట్టి తుడవడం నా పాతికేళ్ళ అలవాటు. ఇప్పుడు ఆ నీళ్ళు గేటు పట్టీ దగ్గర ఆగాలి. పైన పోసిన నీళ్ళు పీల్చుకోకపోయినా అతుకుల్లోంచి అడుగుకు పోయి అక్కడే నిలబడతాయి. కాబట్టి లోపల పొడి పని మాత్రమే. కొబ్బరి ఈనెల పొరక ఎదురు దిశలో కొడితే గీతల్లో ఉన్న మట్టి లేస్తుంది. వారానికి రెండుసార్లు వాక్యూమ్. వాసన అనిపించినప్పుడు రాత్రి వంటసోడా చల్లి పొద్దున ఊడ్చేస్తే చాలు.

మరకల గురించి మన జిల్లా ఆడవాళ్ళకు నేను చెప్పాలా అనిపిస్తుంది గానీ, చెప్తాను. మనది పసుపు ఊరు. 2025 సంక్రాంతి నాడు జాతీయ పసుపు బోర్డు కూడా ఇక్కడే మొదలైంది. మా అమ్మవాళ్ళది ఆర్మూర్ వైపు, ఏటా కొత్త పసుపు సంచి వస్తుంది. అది దించేది షెడ్డులోనే. పసుపు పడగానే మనం చేసే మొదటి పని సబ్బు నీళ్ళు తేవడం. అది చేయకండి. సబ్బులో, సోడాలో ఉండే క్షారం తగిలితే పసుపు ఎర్రగా మారుతుంది. మనం పారాణి కలిపేటప్పుడు పసుపులో సున్నం వేస్తే ఏమవుతుందో అదే. ముందు పొడిగా ఉన్నంత వరకు వాక్యూమ్‌తో లాగేయాలి. రుద్దకూడదు. అప్పటికే ఎవరైనా సబ్బు పెట్టి ఎరుపు చేసి ఉంటే నిమ్మరసం అద్దితే మళ్ళీ పసుపు రంగుకు వస్తుంది. ఆ పసుపును తీసేది ఎండ. పసుపు రంగు ఎండకు నిలవదు. కూర డబ్బా మూతను రెండు రోజులు మేడ మీద ఎండలో పెడితే తెల్లబడుతుంది కదా, ఇదీ అంతే. మా షెడ్డులోకి పొద్దున రెండు గంటలు ఎండ వస్తుంది. చిన్న మరకలకు అది సరిపోయింది.

బండి ఇంజన్ ఆయిల్ చుక్కలకు మక్క పిండి మంచి మందు. మరక మీద కుప్పగా పోసి గంట ఆగి ఊడ్చేయాలి, రెండోసారి మళ్ళీ పోయాలి. ఆ తర్వాతే గిన్నెలు తోమే లిక్విడ్ చుక్క వేసిన తడిగుడ్డ. చెరుకు రసం, బెల్లం పాకం లాంటివి పడితే గోరువెచ్చటి నీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో నాలుగైదుసార్లు అద్దాలి. కొంచెం తీపి మిగిలినా చీమలు వస్తాయి, దాని మీద మట్టి అంటుకుని నల్లగా అవుతుంది. బతుకమ్మకు గునుగు పూలు రంగుల్లో ముంచుతాం కదా, ఈసారి ఆ పని మేడ మీద పెట్టుకోవాలి. రంగులు ఆరిన తర్వాతే పూలు కిందికి దిగాలి.

ఇదంతా చదివి మీకు అలసట వచ్చిందా? ఒక మనిషి కాలు జారకుండా ఉండటానికి ఇంత జాగ్రత్త అవసరమేనని నేను మనసారా ఒప్పుకుంటాను. అయితే నేను రాయాలనుకున్న అసలు సంగతి ఇక్కడి నుంచి ఉంది.

మా ఎదురింటి అవ్వ బీడీలు చుడుతుంది. మా జిల్లాలో బీడీలు చుట్టే చేతులు లేని వీధి అరుదు. వాళ్ళింట్లో వెలుతురు తక్కువ. పన్నెండేళ్ళుగా ఆమె పొద్దున పది దాకా మా షెడ్డులోనే కూర్చుంటుంది. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారం, కత్తెర. ఆమె చేతులు వాటంతట అవే చుడుతుంటే నోరు మా అత్తమ్మతో మాట్లాడుతుంది. ఇద్దరికీ ఒకరి కోడళ్ళ గురించి ఇంకొకరికి పూర్తిగా తెలుసు. వెయ్యి బీడీలు అయ్యేసరికి లోకంలో సంగతులన్నీ అయిపోతాయి.

కార్పెట్ వేసిన తర్వాత అవ్వ రాలేదు. రెండు రోజులు చూశాం. మూడో రోజు నేనే పోయి అడిగాను. "గంత మంచి గొంగడి ఏసిన్రు, దాని మీద తంబాకు రాలుతది బిడ్డా. మీ ఆయన ఏమనకున్నా నాకే మంచిగుండదు. నేను గీడనే కూసుంట" అన్నది. ఎవరూ ఆమెను రావద్దనలేదు. కాకపోతే ఆ వారం రోజులూ మా ఇంట్లో వినబడిన మాటలు ఆమెకు వీధి అవతలకు వినబడకుండా ఉంటాయా? "చెప్పులు బయట", "సైకిల్ ఇటు తేకు", "ఛాయ్ అక్కడ పట్టుకు తిరగకు", "ఏయ్, చూసి నడువు". పేపరు వేసే అబ్బాయి కూడా గేటు బయట నుంచే విసిరి పోతున్నాడు.

అత్తమ్మ కుర్చీ మామూలు చోటనే ఉంది. కింద నేల జారదు. కానీ పదకొండు దాకా కూర్చునే మనిషి తొమ్మిదికే లేచి లోపలికి వచ్చి టీవీ ముందు కూర్చుంటోంది. మోకాళ్ళు అరిగినవాళ్ళకు నడక తగ్గితే ఏమవుతుందో, మాట తగ్గితే ఏమవుతుందో మీకు తెలుసు. పడిపోతుందేమో అన్న భయంతో చేసిన ఏర్పాటు ఆమెను కుర్చీలోంచి లేపి మంచం దాకా తీసుకుపోతే ఎలా?

దీనికి దారి చూపించింది అత్తమ్మే. "ఆ పెద్ద సందుకలో జంఖానా ఉన్నది, తియ్యి" అన్నది.

ఆ జంఖానా సంగతి చెప్పాలి. మా మామయ్య బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీలో పని చేశారు. 1937లో మొదలైన ఫ్యాక్టరీ అది. దాని చుట్టూ లేచిన ఊరికి శక్కర్‌నగర్ అనే పేరు. నిజాంసాగర్ నీళ్ళతో పండిన చెరుకు బండ్ల మీద, తర్వాత ట్రాక్టర్ల మీద అక్కడికి వచ్చేది. గానుగ ఆడే రోజుల్లో క్వార్టర్స్ దాకా మడ్డి వాసన వచ్చేదని అత్తమ్మ చెబుతుంది. ఆ క్వార్టర్లో రెండే గదులు. పెళ్ళికి వరంగల్ బంధువులు పెట్టిన నీలం, ఎరుపు గీతల జంఖానా ఒకటే వాళ్ళ సోఫా, వాళ్ళ మంచం, వాళ్ళ భోజనాల గది. చుట్టాలు వస్తే పరిచేవాళ్ళు, పోగానే దులిపి మడిచేవాళ్ళు.

వరంగల్ కొత్తవాడలో నేసే ఈ జంఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకంటే ఎంతో ముందే, 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో వరంగల్ తివాచీలను పెట్టారు. నేను బీఏలో తెలుగు చదివినప్పుడు తివాచీ, రత్నకంబళి అన్న మాటలు చదివితే రాజుల కాళ్ళ కిందివి అనుకునేదాన్ని. జంఖానా మాత్రం అందరి కాళ్ళ కిందిది. నూలుతో నేస్తారు, రెండు వైపులా ఒకేలా ఉంటుంది. ఒక వైపు మాస్తే తిప్పి పరుచుకోవచ్చు. అన్నిటికంటే గొప్ప గుణం, దాన్ని ఎత్తవచ్చు. ఎత్తి దులపవచ్చు, నానబెట్టి ఉతకవచ్చు, గోడ మీద ఆరేయవచ్చు. అతికించిన కార్పెట్‌కు ఆ భాగ్యం లేదు. దాని మీద పడింది దాని మీదే ఉంటుంది. అందుకే దాని పక్కన మనం కాపలా కుక్కల్లా తయారవుతాం.

ఇప్పుడు పొద్దున అత్తమ్మ కుర్చీ పక్కన కార్పెట్ మీద జంఖానా సగానికి మడిచి పరుస్తున్నాను. కింద గరుకు కార్పెట్ ఉంది కాబట్టి అది జరగదు. టైల్స్ మీద అయితే జారేది. అయినా అత్తమ్మ నడిచే దారిలోకి దాని అంచు రాకుండా గోడ వైపుకే వేస్తాను. అవ్వను నేను పోయి పిలవలేదు. అత్తమ్మే గేటు దాకా కర్ర పట్టుకుని నడిచి, "ఓ అక్కా, పాత జంఖానా ఏసిన్రు, ఇగ నీ తంబాకు దాని ఇష్టం" అని కేకేసింది. పది గంటలకు అవ్వ తన జంఖానా తనే ఎత్తి గేటు బయట దులిపి, మడిచి కుర్చీలో పెట్టిపోతుంది. పదిహేను రోజులకోసారి ఉతుకుతాను. ఎండలో పూర్తిగా ఆరిన తర్వాతే మడుస్తాను, వేపాకు వేసి పెడతాను, మడత ప్రతిసారీ మారుస్తాను. ఒకే మడత మీద ఏళ్ళ తరబడి ఉంచితే నూలు అక్కడ తెగుతుంది.

ఇంక మిగిలింది పని పంపకం. ఒక ఆదివారం అందరూ ఉన్నప్పుడు చెప్పాను. టైర్ల వైపు సగం మా ఆయనది. ఆయిల్ మరక, ప్లైవుడ్, బ్యాటరీ ట్రే ఆయనవి. వాక్యూమ్ మా చిన్నవాడిది. అంచులు తడిమి చూడటం నాది, ఎందుకంటే ఆ పని ఇంకొకరికి ఇచ్చి నేను నిద్రపోలేను. "చూసి నడువు" అనే మాట మాత్రం ఇంట్లో ఎవరూ, అత్తమ్మకు తప్ప, ఎవరితోనూ అనకూడదు. మరక పడితే తీసే పద్ధతి తెలుసు కదా, ఇంక అరవడం ఎందుకు? మా ఆయన మొదటి వారం మర్చిపోయారు. రెండో వారం మక్క పిండి డబ్బా ఎక్కడుందని అడిగారు.

జూన్ దగ్గర పడుతోంది. వానలు మొదలయ్యేలోపు గేటు కింద రబ్బరు పట్టీ వేయించాలి. గట్టి వాన వచ్చి నీళ్ళు లోపలికి వస్తే ఆ మూల కార్పెట్ విప్పి ఆరబెట్టేలా, గేటు దగ్గర ఒక మూర మేర జిగురు బదులు ఒత్తి అతికించే పట్టీ పెట్టించాలని మేస్త్రీతో మాట్లాడాను. మీ ఇంట్లో షెడ్డు ఉంటే, అందులో ఎవరి కుర్చీ ఉందో, ఆ కుర్చీ పక్కన ఎవరు వచ్చి కూర్చుంటారో ముందు చూసుకోండి. కార్పెట్ కొలతలు ఆ తర్వాత తీయించవచ్చు.